హద్దు తేలకముందే జేసీబీ

సుప్రీంకోర్టు 2024 నవంబరు 13న ఇచ్చిన బుల్డోజర్ తీర్పును అందరూ మెచ్చుకున్నారు. నేర ఆరోపణ వచ్చిందని ఒకరి ఇల్లు కూల్చడం చెల్లదని న్యాయమూర్తులు బీఆర్ గవాయ్, కేవీ విశ్వనాథన్ తేల్చిచెప్పారు. అక్కడితో ఆగకుండా, ఏ కట్టడాన్ని కూల్చాలన్నా ఏమేం చేయాలో వరుసగా రాశారు. కనీసం పదిహేను రోజుల ముందు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాలి, గోడకూ అంటించాలి. నోటీసు ఇచ్చిన సంగతి కలెక్టరు కార్యాలయానికి ఈమెయిల్లో వెళ్లాలి. పాత తేదీ వేసి నోటీసు పుట్టించే విద్యకు అది అడ్డుకట్ట. యజమాని మాట వినాలి, విన్నదాన్ని రికార్డు చేయాలి. ఉత్తర్వు వచ్చాక మరో పదిహేను రోజులు ఆగాలి. కూల్చేదంతా వీడియో తీయాలి. నియమం తప్పిన అధికారి సొంత డబ్బుతో నష్టం పూడ్చాలి.

అదే తీర్పులో ఒక మినహాయింపు ఉంది. రోడ్డు, ఫుట్‌పాత్, రైలు పట్టాల పక్క స్థలం, నది, జలవనరు వంటి చోట్ల అనుమతి లేకుండా వెలసిన కట్టడాలకూ, కోర్టులే కూల్చమన్న వాటికీ ఈ నిబంధనలు వర్తించవు. దారికీ నీటికీ అడ్డం పడ్డవాటిని తొలగించడానికి నెలలు పట్టకూడదన్నది అందులోని ఉద్దేశం. సబబైనదే. కానీ తెలంగాణలో, ముఖ్యంగా హైదరాబాద్ చుట్టుపక్కల, రెండేళ్లుగా వివాదమంతా ఆ మినహాయింపులోని 'జలవనరు' దగ్గరే ఉంది. ఇల్లు చెరువు హద్దుకు అడుగు అవతల ఉంటే పదిహేను రోజులు, వాదన, అప్పీలు. అడుగు ఇవతల ఉంటే అవేవీ లేవు. అలాంటప్పుడు ఆ హద్దు ఎక్కడుంది, దాన్ని ఎవరు గీశారు, యజమానికి ఎప్పుడు తెలిసింది అన్నవే అసలు ప్రశ్నలవుతాయి. కూల్చివేతల మీద ఇంత చర్చ జరిగినా ఈ మూడూ అడిగినవాళ్లు తక్కువ.

చెరువు నిండి మత్తడి దూకే వేళ నీరు ఎంత దూరం పరుచుకుంటుందో ఆ అంచునే ఎఫ్‌టీఎల్ అంటున్నాం. దాని అవతల బఫర్ జోన్. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు 30 మీటర్లు, అంతకన్నా చిన్న కుంటకు 9 మీటర్లు బఫర్ వదలాలి. కాగితం మీద ఇందులో సందిగ్ధమేమీ లేదు. నేల మీద అలా ఉండదు. నీటిపారుదల శాఖ కొలిచేది నీరు ఎక్కే ఎత్తును. రెవెన్యూ శాఖ దగ్గరున్నది నిజాం కాలపు సేత్వార్లలో, గ్రామ నక్షాల్లో రాసిన శిఖం (చెరువు గర్భం) విస్తీర్ణం. పురపాలక శాఖ చూసేది దరఖాస్తుకు జతచేసిన ప్లాను. ఒకే చెరువుకు మూడు చోట్ల మూడు లెక్కలు కనిపిస్తే అందులో కుట్ర ఉండాలని లేదు. ముగ్గురూ మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబు రాసుకున్నారు. మత్తడి ఎత్తు అరడుగు తగ్గిస్తే పైన ఎన్నో ఎకరాలు ఎఫ్‌టీఎల్ నుంచి బయటపడతాయని రియల్ ఎస్టేట్ వ్యాపారికి ఇంజనీరుకన్నా ముందే తెలుసు. తూములు పగలగొట్టి చెరువు నిండకుండా చూసుకోవడం అక్కడ పుట్టిన తెలివే.

వీటన్నిటినీ దాటి చిక్కు పెట్టేది శిఖం పట్టా. చెరువు గర్భంలో ఉన్న భూమంతా సర్కారుదే అనుకుంటాం. చాలా చెరువుల్లో కాదు. నీళ్లు తగ్గాక వేసవిలో సాగు చేసుకునే హక్కుతో రైతుల పేర పట్టాలున్నాయి. నీళ్లున్నన్నాళ్లు చెరువు, నీళ్లు పోయాక పొలం. ఊరు ఊరుగా ఉన్నప్పుడు ఈ ఏర్పాటు ఎవరికీ ఇబ్బంది కాలేదు. నగరం వచ్చింది. పై నుంచి వరదకు బదులు డ్రైనేజీ నీళ్లు ఏడాది పొడవునా రావడం మొదలైంది. సాగు పోయింది. పట్టా మాత్రం మిగిలింది. దానికి మిగిలిన ఒకే ఒక్క విలువ గజాల లెక్కన అమ్ముకోవడం. ఆ రైతును దొంగ అనలేం. అతని దగ్గర కొన్న మధ్యవర్తి, గ్రామపంచాయతీ లేఅవుట్ అని స్టాంపు వేయించుకుని రాళ్లు పాతాడు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో రిజిస్ట్రేషన్ అయింది. రిజిస్ట్రేషన్ అంటే దస్తావేజు నమోదే తప్ప హక్కుకు హామీ కాదని చట్టం తెలిసినవాడు చెబుతాడు. స్టాంపు డ్యూటీ కట్టినవాడికి ఆ తేడా ఎవరూ చెప్పరు. ఇంటి నంబరు వచ్చింది, కరెంటు మీటరు వచ్చింది, ఆస్తి పన్ను రసీదు వచ్చింది, బ్యాంకు లోనూ వచ్చింది. ఇన్ని ముద్రలు వేసిన ప్రభుత్వమే ఒక తెల్లవారుజామున వచ్చి ఇది చెరువు అంటుంది.

2024 జూలైలో హైడ్రా ఏర్పడింది. విపత్తుల్లో స్పందించడం, ప్రభుత్వ ఆస్తులను కాపాడడం దాని పని. ఔటర్ రింగ్ రోడ్డు దాకా దాని పరిధి. మొదటి నెలల్లో జనం దాన్ని మెచ్చుకున్నారన్నది దాచాల్సిన సంగతి కాదు. 2020 అక్టోబరు వానలకు పాతబస్తీలో చెరువు కట్టలు తెగి కాలనీలు మునిగిన జ్ఞాపకం ఇంకా పచ్చిగానే ఉంది. మూసీ 1908 సెప్టెంబరులో చేసిన బీభత్సం తరువాతే ఈ నగరం గండిపేట, హిమాయత్ సాగర్‌లను కట్టుకుంది. నీటికి చోటివ్వాలన్న పాఠం కొత్తది కాదు. 2024 ఆగస్టు 24న మాదాపూర్ తమ్మిడికుంటలో సినీనటుడు నాగార్జునకు చెందిన ఎన్ కన్వెన్షన్‌ను కూల్చినప్పుడు, పెద్దవాళ్లనూ వదలడం లేదన్న సంతోషం వినిపించింది. అది పట్టా భూమి అని యాజమాన్యం అంది. హైకోర్టు మధ్యంతర ఉత్తర్వు అదే రోజు వచ్చింది. అప్పటికి ఆపడానికి అక్కడ ఏమీ మిగల్లేదు. ఎవరి వాదన నిలిచేదో నాకు తెలియదు. ఆ వాదన వినే చోటు కోర్టు కదా, కోర్టు తలుపు తట్టేలోపు పని ముగించడం తొందరా, వ్యూహమా?

సెప్టెంబరు వచ్చేసరికి జేసీబీలు చిన్న ఇళ్ల ముందు ఆగాయి. చప్పట్లు తగ్గాయి. అమీన్‌పూర్‌లో ఆదివారం జరిపిన కూల్చివేతపై హైకోర్టు న్యాయమూర్తి కె.లక్ష్మణ్ హైడ్రా కమిషనర్‌ను నిలదీశారు. సెలవు రోజుల్లో కూల్చవద్దని గతంలోనే చెప్పినా ఎందుకు వినలేదని, తహసీల్దారు అడిగితే చార్మినార్‌నైనా కూల్చేస్తారా అని అడిగారు. ఆదివారం పొద్దున కూల్చడం మన పాలనలో హైడ్రాతో మొదలైన అలవాటు కాదు. కోర్టు ఉండదు, పత్రిక సగం నిద్రలో ఉంటుంది, ట్రాఫిక్ ఉండదు. మూడో కారణాన్ని మాత్రమే అధికారులు బయటికి చెబుతారు.

ఇదే కాలంలో దుర్గం చెరువు దగ్గర జరిగింది వేరు. చెరువు చుట్టూ ఉన్న కాలనీల్లో రెండు వందలకు పైగా ఇళ్లకు రెవెన్యూ అధికారులు వాల్టా చట్టం కింద నోటీసులిచ్చారు. గడువు నెల. నోటీసు అందినవారిలో ముఖ్యమంత్రి సోదరుడూ ఉన్నారు. నివాసితులు హైకోర్టుకు వెళ్లారు. చెరువు ఎఫ్‌టీఎల్ 65 ఎకరాలేనని వారన్నారు. హెచ్ఎండీఏ ప్రాథమిక నోటిఫికేషన్లో అది 160 ఎకరాలు. అభ్యంతరాలు విని నిర్ణయించాలని కోర్టు చెప్పింది. ఏ తేడానైనా సర్దుకోవచ్చుగానీ 65కీ 160కీ మధ్య తేడాను గోడ మీద ఎర్ర రంగుతో గీసి తేల్చలేం. సర్వే చేయాలి, అభ్యంతరాలు వినాలి, తుది నోటిఫికేషన్ ఇవ్వాలి. దుర్గం చెరువు వాసులకు దక్కింది అక్షరాలా చట్టం చెప్పిన మర్యాదే. దాన్ని వారికి ఇచ్చినందుకు తప్పుపట్టడం లేదు. అమీన్‌పూర్‌కు అది ఎందుకు చేరలేదన్నదే నా ఫిర్యాదు. వకీలును పెట్టుకోగలిగిన చోట హద్దు చర్చనీయాంశం, పెట్టుకోలేని చోట హద్దు సిద్ధంగా ఉంటుంది.

చెరువుల పరిరక్షణకు హెచ్ఎండీఏ పరిధిలో కమిటీ వేసింది 2010లో. ప్రతి చెరువుకూ ప్రాథమిక నోటిఫికేషన్, అభ్యంతరాలు, తుది నోటిఫికేషన్ అన్నది అప్పుడే ఏర్పడిన క్రమం. హైడ్రా పుట్టేనాటికి పద్నాలుగేళ్లు గడిచినా ఆ పని పూర్తికాలేదు. కూల్చే సంస్థకు మనుషులు, యంత్రాలు, పోలీసులు, వాహనాలు కొన్ని వారాల్లో సమకూరాయి. సర్వేయర్లను ఇవ్వడానికి మాత్రం ఏ ప్రభుత్వానికీ ఆ ఊపు రాలేదు. సర్వే చేస్తే రిబ్బను కటింగ్ ఉండదు, కెమెరాలు రావు. పైగా తుది గీత గీశామంటే దాని లోపల ఎవరెవరున్నారో పేర్లతో సహా తేలిపోతుంది. గీయకుండా ఉంచితే ఎవరి దగ్గరికి వెళ్లాలో, ఎవరి దగ్గరికి వెళ్లకూడదో ఎంచుకునే వెసులుబాటు ఎప్పటికీ అధికారుల చేతిలోనే ఉంటుంది. తేలని హద్దు వల్ల ఆక్రమణదారుకు ఎంత లాభమో అధికారానికీ అంతే లాభం.

విమర్శల తరువాత హైడ్రా ఒక మెట్టు దిగింది. సంస్థ ఏర్పడకముందే కట్టుకుని జనం నివసిస్తున్న ఇళ్ల జోలికి వెళ్లబోమని ప్రకటించింది. బెంగపడ్డ కుటుంబాలకు అది ఊరట. అయితే అందులో ఉన్నదేమిటో చూడాలి. నీటి ఎత్తును బట్టి ఉండాల్సిన గీత, ఇప్పుడు క్యాలెండరును బట్టి ఉంది. 2024 జూన్‌లో గృహప్రవేశం చేసినవాడు చెరువులో లేడు, ఆగస్టులో చేసినవాడు ఉన్నాడు. కారుణ్యంతో తీసుకున్న నిర్ణయమే కావచ్చు, కానీ ప్రకటనతో వచ్చిన రక్షణ ప్రకటనతోనే పోతుంది. మూసీ నదీగర్భంలోని ఇళ్ల గోడలపై ఎర్ర అక్షరాలు రాసి, వెళ్లడానికి ఒప్పుకున్నవారికి డబుల్ బెడ్రూం ఇళ్లు ఇచ్చినప్పుడూ ఇంతే. ఇచ్చింది దయగా, హక్కుగా కాదు. 1985లో బొంబాయి ఫుట్‌పాత్ వాసుల కేసులో సుప్రీంకోర్టు జీవనోపాధి కూడా జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. అదే తీర్పు ఫుట్‌పాత్‌పై ఉండిపోయే హక్కును మాత్రం ఇవ్వలేదు. ఖాళీ చేయించవచ్చు, ముందు వినాలి అంది. నలభై ఏళ్లుగా మనం ఆ రెండో సగాన్ని వల్లెవేస్తూ మొదటి సగాన్ని అమలుచేస్తున్నాం.

గీత గీస్తే చాలదా అంటే, చాలదు. కొల్లేరే సాక్ష్యం. 1999 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 120తో కొల్లేరును అయిదో కాంటూరు (సమాన ఎత్తు గీత) దాకా వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. 308 చదరపు కిలోమీటర్లకు పైగా. హైదరాబాద్ చెరువులకు లేని స్పష్టత అక్కడ ఉంది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో చేపల చెరువుల గట్లను పేలుడు పదార్థాలతో, యంత్రాలతో తెంపారు. తెలుగు నేల మీద అంత పెద్ద కూల్చివేత మరొకటి నాకు గుర్తులేదు. ఆ తరువాత ఏమైంది? గట్లు మళ్లీ లేచాయి. 2008లో శాసనసభ హద్దును మూడో కాంటూరుకు తగ్గించాలని తీర్మానించింది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ అయిదో కాంటూరే ఉండాలంది. అభయారణ్యం గీత లోపల వేల ఎకరాల జిరాయితీ భూములున్నాయి. వాటికి పరిహారం ఇచ్చి ప్రభుత్వం తీసుకోవాలి, లేదా వదిలేయాలి. రెండూ చేయలేదు. సొంత పట్టా ఉండీ ఏమీ చేసుకోలేని రైతు, ఆ భూమిని లీజుకు తీసుకునే బడా వ్యాపారికి దొరికిపోయాడు. శిఖం పట్టా కథ, జిరాయితీ కథ ఒకటే. నీటి కోసం ఒకరి భూమి వాడుకుంటున్నప్పుడు దానికి ధర కట్టకపోతే ఎన్నిసార్లు తెంపినా గట్టు తిరిగి లేస్తుంది. నగరాల్లో అయితే నగదే ఇవ్వనక్కర్లేదు. చెరువుకు భూమి వదులుకునే పట్టాదారుకు టీడీఆర్ (బదిలీ చేసుకోదగ్గ నిర్మాణ హక్కు) ఇచ్చే వీలు నిబంధనల్లోనే ఉంది. రోడ్ల వెడల్పుకు దాన్ని వాడినంతగా చెరువులకు వాడలేదు.

కొల్లేరులోకి చేరే బుడమేరు 2024 సెప్టెంబరు మొదట్లో గండ్లు పడి విజయవాడలో సింగ్‌నగర్ చుట్టుపక్కల ప్రాంతాలను రోజుల తరబడి ముంచింది. వెంటనే 'ఆపరేషన్ బుడమేరు' మాట వినిపించింది. వాగు ఆక్రమణలు తొలగించాల్సిందే. నా భయమల్లా, మళ్లీ ఆపరేషన్ అన్న మాటతోనే మొదలుపెడతామేమోనని. ఆపరేషన్ అనగానే ఒక తేదీ, ఒక ప్రదర్శన, ఒక ముగింపు ఉంటాయి. వాగు హద్దును ప్రతి ఏడాదీ చూసుకునే పంచాయతీ కార్యదర్శి, లస్కరు పనికి అలాంటి పేర్లు పెట్టరు.

రాజకీయ కూల్చివేతల గురించి ఎక్కువ చెప్పను. 2019 జూన్‌లో ఉండవల్లి కరకట్ట దగ్గర ప్రభుత్వ సమావేశ భవనమైన ప్రజావేదికను ప్రభుత్వమే కూల్చింది. నదీ పరిరక్షణ చట్టాలకు విరుద్ధమన్నది కారణం. సరిగ్గా అయిదేళ్లకు, 2024 జూన్‌లో, తాడేపల్లిలో నిర్మాణంలో ఉన్న వైఎస్సార్ కాంగ్రెస్ కార్యాలయం ఒక తెల్లవారుజామున నేలమట్టమైంది. రెండుసార్లూ చట్టమే కారణమన్నారు. ఆ చట్టం రెండుసార్లూ ప్రభుత్వం మారిన నెలలోపే ఎందుకు గుర్తొచ్చిందో అడగడం అనవసరం.

ఇక అనుమతులిచ్చిన అధికారుల సంతకాల విషయానికొద్దాం. నోయిడాలో సూపర్‌టెక్ జంట టవర్లను 2022 ఆగస్టు 28న దాదాపు 3,700 కిలోల పేలుడు పదార్థాలతో తొమ్మిది సెకన్లలో కూల్చారు. దేశమంతా టీవీల ముందు కూర్చుంది. సుప్రీంకోర్టు అంతకు ఏడాది ముందే బిల్డరుతో పాటు నోయిడా అథారిటీ అధికారుల కుమ్మక్కునూ తప్పుపట్టింది. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వ దర్యాప్తులో 26 మంది అధికారుల పేర్లు తేలాయి. వారిలో ఎక్కువమంది అప్పటికే పదవీ విరమణ చేశారు. అంతస్తులు లేవడానికి పట్టిన ఏళ్లలో పెన్షన్లు ఖరారైపోయాయి. హైదరాబాద్‌లో 2024 ఆగస్టులో హైడ్రా సిఫారసుతో ఆరుగురు అధికారులపై సైబరాబాద్ పోలీసులు కేసులు పెట్టారు. మంచి ప్రారంభం. ఆ కేసులు ఎక్కడిదాకా వెళ్లాయన్నది కూల్చివేతల వీడియోల్లా ఎవరి ఫోనుకూ రాదు.

అదే ఏడాది డిసెంబరు 17న సుప్రీంకోర్టు మరో కేసులో ఇచ్చిన తీర్పు ఇక్కడ చాలా పనికొస్తుంది. అక్రమ కట్టడం ఎన్నేళ్లు నిలిచినా సక్రమం కాదని న్యాయమూర్తులు జేబీ పార్దీవాలా, ఆర్.మహదేవన్ కటువుగానే అన్నారు. ఆ కాఠిన్యాన్ని ఇంటివాడి మీదే ఉంచలేదు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూడకుండా కరెంటు, నీటి కనెక్షన్ ఇవ్వకూడదు, బ్యాంకు రుణం ఇవ్వకూడదు, తప్పుడు అనుమతి ఇచ్చిన అధికారిపై శాఖాపరమైన చర్య ఉండాలి అని చెప్పారు. అంటే ఇల్లు లేవకముందే ఆగే ఏర్పాటు. మన దగ్గర సాగింది దానికి వ్యతిరేక దిశలో. తప్పు సమాచారంతో కడితే నోటీసు లేకుండానే కూల్చవచ్చని 2020 నాటి టీఎస్-బీపాస్ చట్టం చెప్పింది. అదే ఏడాది ప్రభుత్వం ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం) తెరిస్తే పాతిక లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఒక చేత్తో నోటీసే అక్కర్లేదంటూ, రెండో చేత్తో రుసుము కడితే సర్దుకుందామంటే, కొనేవాడు రెండో చేతినే నమ్ముతాడు.

అయితే హైడ్రా లాంటిది అవసరమే లేదా? ఉంది. అంబర్‌పేటలో పేరు మాత్రమే మిగిలిన బతుకమ్మకుంటను తవ్వి నీళ్లు తెప్పించి 2025 సెప్టెంబరులో ప్రజలకు అప్పగించింది ఆ సంస్థే. కూల్చడం కన్నా అది కష్టమైన పని, దానికి దక్కిన ప్రచారం మాత్రం తక్కువ. ఆ శక్తినే ముందుగా హద్దుల మీద పెట్టాలి. వానాకాలంలో మత్తడి దూకే రోజున కొలిచి, పాత నక్షాతోనూ ఎన్ఆర్ఎస్‌సీ ఉపగ్రహ చిత్రాలతోనూ సరిచూసి, అభ్యంతరాలు విని, హద్దురాళ్లు పాతాలి. హద్దు లోపలి సర్వే నంబర్లు సబ్ రిజిస్ట్రారు కంప్యూటర్లో, బ్యాంకు లీగల్ ఒపీనియన్లో, విద్యుత్ సంస్థ దరఖాస్తులో కనిపించాలి. ప్రభుత్వ భూములకు 22ఏ నిషేధిత జాబితా ఉన్నట్టే ఎఫ్‌టీఎల్‌లోని పట్టాలకూ హెచ్చరిక నమోదు ఉండాలి. అంతవరకూ, తుది నోటిఫికేషన్ రాని చెరువు దగ్గర సుప్రీంకోర్టు మినహాయింపును వాడుకోబోమని, పదిహేను రోజుల నోటీసు ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం ఒక్క జీవోతో చెప్పవచ్చు. చెరువు పదిహేను రోజుల్లో పారిపోదు. ఆ గడువులో ఇంటివాడు కనీసం దర్వాజాలు, కిటికీలు, సామాను తీసుకుంటాడు, పిల్లల సర్టిఫికెట్లు వెతుక్కుంటాడు.

కూల్చాక మిగిలేదాని సంగతి కూడా ఆ జీవోలోనే రాయాలి. జీడిమెట్ల, ఫతుల్లాగూడల్లో నిర్మాణ వ్యర్థాలను రీసైకిల్ చేసే ప్లాంట్లున్నాయి. చెరువులో కూల్చిన స్లాబును లారీలెక్కించి అక్కడికి చేర్చేదాకా కూల్చివేత పూర్తయినట్టు లెక్కవేయకూడదు. పెళ్లలు చెరువులోనే వదిలేస్తే, నీటికి చోటిస్తామని చెప్పి చేసిన పనితోనే కొంత చెరువును పూడ్చినట్టు. కూల్చివేత నివేదికలో తేదీ, పంచుల సంతకాలు, వీడియోతో పాటు ప్లాంటులో తూకం వేసిన రసీదునూ జతచేయమంటే సరిపోతుంది.